ఐసులో వచ్చిన మందు

పెద్దింట్లమ్మకు కళ్ళలో పొరలు కమ్మిన ఏడాదే ఆమె కోళ్ళన్నీ చచ్చిపోయాయి.

కొల్లేటి నడుమ తుంగలంక అనే చిన్న ఊళ్ళో ఆమె ఇల్లు. వయసులో ఉన్నప్పుడు మగవాళ్ళతో సమానంగా దోనె నడిపింది, వలలు అల్లింది, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్మింది. చూపు తగ్గేకొద్దీ ఒక్కొక్క పనీ చేతిలోంచి జారిపోయింది. చివరికి మిగిలినవి పెరట్లో కోళ్ళు. వాటిని కళ్ళతో చూడనక్కర లేకుండానే పోల్చుకునేది. అరుగు మీద కూచుని, "నల్లది గుడ్డు పెట్టిందే, ఎళ్ళి తీసుకురా," అని కోడలికి చెప్పేది. "ఆ ఎర్రదానికి ఇయ్యాల ఎందుకో కోపంగా ఉంది," అనేది. వెళ్ళి చూస్తే ఎర్రపెట్ట నిజంగానే మిగతావాటిని పొడుస్తూ ఉండేది.

ఆ ఎండాకాలం మొదట వడగాలికి కొన్ని పోయాయి. గద్దలు తన్నుకుపోతాయన్న భయంతో పెద్దింట్లమ్మ మిట్టమధ్యాహ్నం వాటిని గంపల కింద మూసిపెట్టింది. సాయంత్రం గంపలు ఎత్తేసరికి ముక్కులు తెరుచుకుని, రెక్కలు పరుచుకుని పడి ఉన్నాయి. మిగిలినవాటికి కొక్కెర తెగులు తగిలింది. పచ్చగా పారుకుంటూ, మెడలు మెలికలు తిప్పుకుంటూ, చూస్తూ ఉండగానే అవీ పోయాయి. ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ అదే పరిస్థితి.

కోడలు గంగారత్నం చచ్చిన పెట్టను ఒకదాన్ని గోనెసంచిలో చుట్టుకుని, ఎండి బీటలు వారిన కొల్లేటి మీదుగా నడిచి, చినగొల్లపాడులో ఉన్న పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు వెంకటకృష్ణారావు దాన్ని కోసి చూసి పెదవి విరిచాడు.

"ఇది వచ్చాక మనం చెయ్యగలిగింది ఏమీ లేదమ్మా. రాకముందే టీకా వేయించుకోవాలి," అన్నాడు.

ఎండ సంగతి కూడా ఆయనే చెప్పాడు. కోడికి మనలాగా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమే అది చల్లబడే దారి. గాలి ఆడని చోట మూసిపెడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఈ మాట అత్తకు ఎలా చెప్పాలో గంగారత్నానికి తోచలేదు. గంపలు మూసింది అత్త చేతులే. కాని పెద్దింట్లమ్మ గుచ్చిగుచ్చి అడిగింది, చెప్పక తప్పలేదు.

"ఇంక నాకొద్దు కోళ్ళు," అని మాత్రం అంది పెద్దింట్లమ్మ.

ఆ మర్నాటి నుంచి అరుగు మీదికి రావడమే మానేసింది. లోపల నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. కొడుకు కొండలయ్య పిలిచినా సరిగా పలికేది కాదు. "మీ అమ్మ ఇట్టా అయితే మనిషి మిగలదయ్యా," అని గంగారత్నం మొగుడితో అంది. అతను తల ఊపి వల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తల్లి బాధ చూసి తట్టుకోలేని మనిషి అతను.

వానలు పడ్డాక గంగారత్నం పుట్టింటికి వెళ్ళి, వస్తూ వస్తూ పొదుగుకొచ్చిన పెట్టను ఒకదాన్నీ, ఊకలో సర్దిన గుడ్లనూ తెచ్చింది. అత్తను అడగలేదు. ఆమె మంచం పక్కనే, గది మూలలో, వెడల్పాటి మట్టి మూకుట్లో ఇసక పోసి గుడ్లు పేర్చి పెట్టను పొదగేసింది. పెట్ట గుర్రుమంటున్నా మొదట్లో పెద్దింట్లమ్మ అటు తిరగలేదు. మేత వేసే వేళకి కోడలు ఆలస్యం చేస్తే మాత్రం, "అదేదో గొణుగుతోంది, పట్టించుకోవేంటే," అని విసుక్కునేది. గుడ్లు చిట్లే రోజు వచ్చింది. పొయ్యి ముందున్న గంగారత్నానికి లోపలి నుంచి గట్టిగా పిలుపు వినిపించింది.

"రత్నం! ఒక పిల్ల లోపలే అరుస్తోందే. పెంకు గట్టిగా ఉన్నట్టుంది, రా, సూడు!"

గంగారత్నం వెళ్ళేసరికి అత్త మంచం దిగి, నేల మీద కూచుని, మూకుడు అంచును తడుముతూ ఉంది. 

మళ్ళీ ఎండలు ముదిరేసరికి పెరటినిండా కోళ్ళు తిరుగుతున్నాయి. వాటిలో ఒక కొత్త నల్లదీ, పాతదానిలాగే పొడిచే కొత్త ఎర్రదీ ఉన్నాయి. ఈసారి అత్తాకోడళ్ళు ఇద్దరూ కాచుకుని ఉన్నారు. కొల్లేట్లో కోసిన తుంగతో నాలుగువైపులా గాలి ఆడేటట్టు పందిరి వేశారు. పడమటి ఎండ తగిలే వైపు తడిపిన గోనెలు వేలాడదీశారు. తాగడానికి నీళ్ళు దూరం నుంచి మోసుకురావలసిన రోజులైనా, కోళ్ళ మట్టిచిప్పల్లో నీళ్ళు వేడెక్కకుండా మళ్ళీ మళ్ళీ మార్చారు. మేత తెల్లవారుతూనే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి. ఎండ మండే వేళ మెతుకు కూడా వేసేవాళ్ళు కాదు, తిన్నది అరిగించుకోవడానికే కోడికి ఒళ్ళు వేడెక్కుతుందని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం పలచటి మజ్జిగ ఒక చిప్పలో పోసి పెట్టేవాళ్ళు. పేలు పట్టకుండా పొయ్యిబూడిద ఒక మూల గుంటలో పోస్తే, అవి దాన్లో పొర్లాడి రెక్కలు దులుపుకునేవి.

గద్దల సంగతి పెద్దింట్లమ్మ చూసుకుంది. వెదురుకర్ర పట్టుకుని పందిరి కింద కూచునేది. గద్దనీడ ఆమెకు కనిపించదు. కాని పిల్లల తల్లి గొంతు మారిందంటే చాలు, కర్ర పైకెత్తి ఆడిస్తూ కేకలేసేది. గంప మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

కొండలయ్య అప్పుడు ఊళ్ళో లేడు. కొల్లేట్లో నీళ్ళు తగ్గి వేట సాగక, సముద్రం వైపు బంధువుల పడవల మీదికి పనికి పోయాడు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున పక్కింటి అంకాలమ్మ దడి మీదుగా తొంగి చూసింది. ఆమె కూతురు సుబ్బరత్నాన్ని ఎగువనున్న కొంగలంకలో ఇచ్చారు.

"వదినా, ఇన్నావా? మా సుబ్బరత్నం వాళ్ళూళ్ళో కోళ్ళు పోతన్నాయంట. మెడలు తిప్పేసుకుంటన్నాయంట."

ఉల్లిపాయలు ఒలుస్తున్న పెద్దింట్లమ్మ చేతులు ఆగిపోయాయి. గంగారత్నం తలకు తువ్వాలు చుట్టుకుని చినగొల్లపాడు దారి పట్టింది.

డాక్టరు ఆమెను గుర్తుపట్టాడు. విషయం విని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"టీకా విజయవాడలో ఉందమ్మా. నేను ఫోను చేసి చెబితే నీ చేతికి ఇస్తారు. కాని ఇక్కడికి వచ్చేదాకా ఐసులోనే ఉండాలి. వేడి తగిలిందా, ఆ మందు వట్టి నీళ్ళతో సమానం. ఈ ఎండల్లో తెప్పించడానికి నాకే ధైర్యం చాలడం లేదు."

"ఐసులోనా అండీ?" గంగారత్నానికి నవ్వొచ్చింది. "మేం చేపల్ని ఐసులో పెట్టి రోజూ బెజవాడ పంపించేవాళ్ళమేగా అండీ."

"చేప మెత్తబడితే నీకు తెలుస్తుంది. ఈ మందు చెడిపోయిందో లేదో కంటికి కనిపించదు. తెలిసేది కోళ్ళు చచ్చాకే."

ఆ మాటకు గంగారత్నం నవ్వు ఆగిపోయింది. "తెత్తానండీ," అంది.

ఆయన ఆమెవైపు చూసి సరేనన్నాడు. "నువ్వు సాయంత్రానికి మీ లంకకి చేరిస్తే, మర్నాడు తెల్లవారేసరికి నేను మీ ఊళ్ళో ఉంటాను. ఒకటి గుర్తుపెట్టుకో. జబ్బుపడ్డ కోళ్ళకి ఇది వెయ్యకూడదు. బాగున్నవాటికే. మరీ చిన్నపిల్లలకి వేరే మందుంది, అది ఇప్పుడు దొరకడం లేదు, వాటిని నేల మీద తిరగనివ్వకుండా ఇంట్లోనే పెట్టుకోండి. ఊళ్ళో అందరికీ చెప్పు. ఒకళ్ళు వేయించుకుని ఒకళ్ళు మానేస్తే లాభం లేదు."

ఆమె ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. కొందరు చూద్దామన్నారు, కొందరు నవ్వారు. అంకాలమ్మ ఖరాఖండిగా వద్దంది. "సూది పొడిస్తే గుడ్లు మానేత్తాయి. మా మరిది వాళ్ళూళ్ళో అట్టాగే అయ్యింది. నా కోళ్ళ జోలికి రామాకు తల్లీ."

పెద్దింట్లమ్మ కూడా వెంటనే ఒప్పుకోలేదు. "ఒకసారి నా సేతుల్తో సంపుకున్నాను," అంది చిన్నగా. "మళ్ళీ బాగున్నదాన్ని పట్టుకొచ్చి పొడిపిచ్చుకోవాలంటే నాకు బయ్యంగా ఉందే."

"నాకూ భయమే అత్తా," అంది గంగారత్నం. "అట్టాగని సూత్తా కూచోలేనుగా."

మర్నాడు పొద్దున్నే ఊళ్ళోవాళ్ళు పట్టిన కాసిని చేపలు తట్టలో వేసుకుని కైకలూరులో రైలెక్కింది. విజయవాడ వన్ టౌన్‌లో ఎల్లారావు చేపలు కొంటాడు. వాళ్ళ కులంవాడే, కొండలయ్యకు దూరపు చుట్టం, ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. చేపలు దించి సంగతి చెప్పగానే అతను తలగోక్కున్నాడు.

"కోళ్ళకా? ఇంత దూరం దానికోసమా?" అన్నాడు. అంతలోనే, "మీ అత్త లేచి తిరుగుతోందా?" అని అడిగాడు.

"కోళ్ళు ఉంటే తిరుగుద్ది బాబాయ్."

ఎల్లారావు గొడౌను లోపలికి వెళ్ళి మంచి చెక్కపెట్టె ఒకటి వెతికి తెచ్చాడు. అడుగున మందంగా ఊక పోశాడు. దాని మీద ఐసుదిమ్మ పగలగొట్టి పరిచాడు. నడుమ ఒక మూత డబ్బా పట్టేటంత చోటు వదిలి, చుట్టూ మళ్ళీ ఐసు, మళ్ళీ ఊక, పైన మడతలు పెట్టిన గోనె. రిక్షా పిలిచి పెట్టెను తనే ఎక్కించాడు. తనూ వెంట వచ్చి, డాక్టరు చెప్పిన విజయవాడ పశువుల ఆసుపత్రిలో మందుసీసాలు డబ్బాలో పెట్టించి, మూత బిగించి, తాడు కట్టాడు.

"అమ్మాయ్, దారిలో నీకు చూడాలనిపిస్తది. ఐసు ఉందో కరిగిందోనని చెయ్యి పెట్టాలనిపిస్తది. మూత తీసిన ప్రతిసారీ ఎండ లోపలికెళ్తది. ఇల్లు చేరేదాకా తియ్యమాకు."

నర్సాపురం పాసింజరు ఎప్పట్లాగే నిదానంగా బయల్దేరింది. గంగారత్నం పెట్టెను కాళ్ళ దగ్గర పెట్టుకుని దాని మీద చెయ్యి వేసుకుని కూచుంది. కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూచున్నట్టుంది. గుడివాడ ఇంకా రాకుండానే ఒక చిన్న స్టేషన్లో బండి ఆగిపోయింది. ముందు వెళ్ళిన గూడ్సుకు ఇంజను పాడైందని, అది కదిలేదాకా ఇది కదలదని ఎవరో చెప్పారు. జనం దిగి చెట్ల కిందికి పోయారు. రేకు పెట్టెలా కాగిపోతున్న బండిలో ఆమె అలాగే కూచుంది. పెట్టె అడుగు నుంచి నీళ్ళు సన్నగా కారి చెక్కనేల మీద దారి కడుతున్నాయి. ఆ నీళ్ళు చూస్తుంటే ఆమెకు ప్రాణం నిలవలేదు. చెయ్యి తాడు ముడి మీదికి పోయింది. ఎల్లారావు మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

టిక్కెట్టు కలెక్టరు ఆ తడి చూశాడు.

"ఏంటమ్మా ఇది? చేపలా? ప్రయాణికుల మధ్య ఈ కంపేంటి? తియ్యి, చూద్దాం."

"చేపలు కాదండీ. కోళ్ళకి మందండీ."

ఎదుటి బల్ల మీద ఉన్న ఇద్దరు మగవాళ్ళు నవ్వారు. కలెక్టరుకు కోపం వచ్చింది. "చేపల పెట్టెలో కోళ్ళకి మందా? ఎవరికి చెబుతావు? తియ్యమంటుంటే!"

"బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, తియ్యమనొద్దండీ. ఎండ తగిలితే పాడైపోద్ది. మా ఊళ్ళో కోళ్ళన్నీ దీనిమీదే ఉన్నాయండీ."

కిటికీ పక్కన కూచున్న పెద్దావిడ అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉంది. గుడివాడ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి మనిషి, పేరు రావమ్మ. ఆవిడ కళ్ళు తెరిచి, "ఆ పిల్లని ఎందుకయ్యా అట్లా గదమాయిస్తావు?" అంది. "పోయినేడు మా దొడ్లో కోళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఇట్లాంటి మందుందని చెప్పినవాళ్ళు లేకపోయారు. నీకంత అనుమానమైతే చెయ్యి పెట్టి చూడు, తెరవడం దేనికి?"

కలెక్టరు వంగి పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టినవాడు వెంటనే తియ్యలేదు. ఆ ఎండలో ఆ చల్లదనం అతనికి హాయిగా ఉందని మొహం చూస్తేనే తెలుస్తోంది. తీసేశాక కాస్త సిగ్గుపడినట్టు నవ్వాడు. "ఇక్కడ ఎండ పడుతోంది. అటు బల్ల కిందికి జరుపుకో," అని వెళ్ళిపోయాడు. కాసేపటికి ప్లాట్‌ఫారం మీద కొళాయి దగ్గర తడిపిన గోనెను ఒకదాన్ని పోర్టరు చేత పంపించాడు. రావమ్మ తన కాళ్ళు పైకి ముడుచుకుని పెట్టెకు చోటిచ్చి, తడిగోనెను నాలుగువైపులా కప్పింది. ఇందాక నవ్విన ఇద్దరిలో ఒకడు మరచెంబు పట్టుకుని కొళాయి దగ్గరికి తిరుగుతూ, గోనె ఆరినప్పుడల్లా తడిపాడు.

గూడ్సు కదిలింది. గంగారత్నం కైకలూరులో దిగేసరికి పొద్దు బాగా వాలింది. తుంగ దించేసి వెనక్కి వస్తున్న ఖాళీ బండి దొరికింది. పెట్టెను గడ్డి మీద పెట్టుకుని, ఇంకా వెలుతురు ఉండగానే లంక చేరింది. పెద్దింట్లమ్మ గదిలో చల్లటి మూల చూసి, ఇసక తడిపి సిద్ధంగా ఉంచింది. ఇద్దరూ కలిసి పెట్టెను అందులో దించారు. మూత తియ్యలేదు.

తెల్లవారుతుండగా డాక్టరు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. అరుగు మీద కూచుని తాడు విప్పాడు. అంత పెద్ద ఐసుదిమ్మ కరిగి కరిగి గుప్పెడు ముక్కలు మిగిలింది. ఆయన డబ్బా తీసి, అందులోని సీసాను చెంపకు ఆనించుకుని కాసేపు అలాగే ఉన్నాడు.

"చల్లగా ఉంది," అన్నాడు. "చాలా బాగా తెచ్చావమ్మా. ఇంక కోళ్ళని తీసుకురమ్మను. మందు కలిపాక ఎక్కువసేపు ఆగదు, ఎండెక్కకముందే అయిపోవాలి."

వాకిట్లో జనం బాగానే పోగయ్యారు. అందరి చేతుల్లోనూ కోళ్ళున్నాయి. కాని ముందుకొచ్చేవాళ్ళు లేరు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు సర్దుకుంటున్నారు. డాక్టరు సూది పట్టుకుని చూస్తున్నాడు. గంగారత్నం తన పెట్టల్లో ఒకదాన్ని పట్టుకుందామని పెరట్లోకి తిరిగేసరికి, పందిరి కింద నుంచి పెద్దింట్లమ్మ వస్తోంది. నల్లపెట్టను గుండెకు హత్తుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని నడుస్తోంది.

"బాబూ, ఎక్కడున్నారు? ముందు మాదానికి ఏయండి. ఇది నాకు బాగా కావలసింది."

డాక్టరు లేచి ఎదురెళ్ళాడు. రెక్క ఎలా విప్పి పట్టుకోవాలో చెప్పి, సూది వేశాడు. పెట్ట ఒక్కసారి కిర్రుమని ఊరుకుంది. పెద్దింట్లమ్మ దాని వీపు నిమురుతూ చెవి దగ్గర పెట్టుకుని విని, "బానే ఉంది," అంది అందరికీ వినపడేటట్టు. "ఇంతేనంట్రా. రండి."

ఎండ గోడ మీదికి ఎక్కేలోపల ఊళ్ళో కోళ్ళు దాదాపు అన్నీ అయిపోయాయి. దడి అవతల అంకాలమ్మ తన కోళ్ళను లోపలికి తోలి తలుపు వేసుకుంది.

తర్వాతి రోజులు కష్టంగానే గడిచాయి. సూది వేసిన కోళ్ళు మందకొడిగా ఉన్నాయి. గుడ్లు తగ్గాయి. ఇది మామూలేనని, తొందరపడవద్దని డాక్టరు ముందే చెప్పాడు. అయినా వీధిలో కనిపించినవాళ్ళు గంగారత్నాన్ని నిలదీశారు. ఆమె తల వంచుకుని నీళ్ళకు పోయేది. పెట్టె నిండా ఐసు కరిగి నీళ్ళయిపోయినట్టు, డాక్టరు మూత తీసి తల అడ్డంగా ఊపినట్టు కలలొచ్చి ఉలిక్కిపడేది. మెల్లగా కోళ్ళు తేరుకున్నాయి. మేత కోసం కొట్టుకోవడం మొదలుపెట్టాయి. నల్లపెట్ట మళ్ళీ గుడ్డు పెట్టి ఊరంతా వినపడేలా అరిచినప్పుడు పెద్దింట్లమ్మ గట్టిగా నవ్వింది.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఆమె పందిరి కింద కూచుని ఉన్నట్టుండి తల పక్కకు తిప్పింది.

"రత్నం, అంకాలమ్మ ఇంట్లో కొత్త కోడుందే."

"ఎక్కడిది అత్తా? నేను చూడలేదే."

"గంప కింద పెట్టింది. గొంతులో గురగురలాడతంది. పోయినేడు మనవాటి గొంతు ఇట్టాగే అయ్యింది."

గంగారత్నం దడి దాటి వెళ్ళింది. అంకాలమ్మ మొదట కాదంది. తర్వాత కేకలేసింది. గంగారత్నం కదలకుండా నిలబడేసరికి మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

"మా సుబ్బరత్నం పంపిచ్చిందే. దాని కోళ్ళన్నీ పోయి ఇదొక్కటే మిగిలింది. పురిటికొచ్చేదాకా సాకమ్మా, నీ దగ్గరైతే బతుకుద్ది అంది. ఎట్టా కాదనేది? కడుపుతో ఉన్న పిల్ల మాట ఎట్టా కాదనేది?"

అంతలో దడి కర్రలు తడుముకుంటూ పెద్దింట్లమ్మ వచ్చింది. అంకాలమ్మ పక్కనే మెట్టు మీద కూచుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏడవమాకు. దాన్ని దూరంగా కరకట్ట దగ్గరికి తీసుకెళ్దాం. పాత దోనె బోర్లించి ఉంది కదా, ఆ నీడన పెడదాం. ఎవరూ తరిమెయ్యరు. నేను కూచుంటాను దాని దగ్గర."

అలాగే చేశారు. సుబ్బరత్నం పెట్ట దోనె నీడలో తడి ఇసక మీద పడుకుంది. పెద్దింట్లమ్మ, అంకాలమ్మ చెరోపక్కా కూచుని దూదితో నీళ్ళు దాని ముక్కులో చుక్క చుక్కగా వేశారు. అది బతకలేదు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. ఇంటికి వస్తూ కాళ్ళూ చేతులూ వేడినీళ్ళతో కడుక్కుని, చీరలు మార్చుకున్నాకే పెద్దింట్లమ్మ తన పందిరి దగ్గరికి వెళ్ళింది. 

జబ్బు అప్పటికే అంకాలమ్మ పెరట్లో అంటుకుంది. ఆమె కోళ్ళు వరసగా తల వేలాడేశాయి. ఊరంతా తమ తమ కోళ్ళను చూసుకుంటూ భయంతో గడిపింది. గంగారత్నం రోజూ ఒక్కొక్క కోడినీ పట్టుకుని కళ్ళు చూసేది, రెట్ట చూసేది. అక్కడక్కడ చిన్నపిల్లలు కొన్ని పోయాయి. ఎవరిదో ముసలిపుంజు ఒకటి పోయింది. సూది వేయించిన మిగతా కోళ్ళు అలాగే తిరుగుతూ, కెలుకుతూ, ఎండ వేళ నోళ్ళు తెరిచి రొప్పుతూ, సాయంత్రం మళ్ళీ మేతకు పరుగెత్తుతూ ఉన్నాయి. అంకాలమ్మ ఇంట్లో మాత్రం గూడు ఖాళీ అయ్యింది.

మృగశిర ప్రవేశించింది. మొదటి వాన రాత్రంతా కురిసి, పొద్దున్నే నేల మెత్తబడ్డ వాసన వేసింది. గంగారత్నం డాక్టరుతో చెప్పి ఆయన సలహా ప్రకారం అంకాలమ్మ గూడు పాత తాటాకు తీసి కాల్చేసింది. నేల గీకి సున్నం చల్లింది. కొన్నాళ్ళు ఎండా గాలీ తగలనిచ్చింది. ఆ తర్వాత ఒక పొద్దున, పొదుగుకొచ్చిన ఎర్రపెట్టనూ, ఏరి పెట్టిన గుడ్లనూ తీసుకుని పెద్దింట్లమ్మే దడి దాటి వెళ్ళింది.

"ఇది కోపిష్టిది," అని అంకాలమ్మ చేతికిచ్చింది. "దగ్గరికెళ్తే పొడుస్తది. గుడ్లని మాత్రం ఒదలదు."

అంకాలమ్మ పెట్టను తీసుకుని గూట్లో దించింది. తర్వాత దడి దగ్గర నిలబడ్డ గంగారత్నాన్ని చూసి, "ఆ రోజు నేనూ నా కోళ్ళని తీసుకొచ్చుంటే బాగుండేదే," అంది.

"మళ్ళీ సూది వేత్తారుగా పిన్నీ," అంది గంగారత్నం.

సుబ్బరత్నం పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో పసిపిల్ల ఏడుపూ, పెరట్లో కోడిపిల్లల కీచులూ కలిసిపోయి అంకాలమ్మకు ఎటు పరుగెత్తాలో తెలిసేది కాదు. చలికాలం మొదట్లో సుబ్బరత్నం అత్తింటికి బయల్దేరింది. చంకలో బిడ్డ, పక్కన తడికబుట్టలో ఎదిగిన పెట్టపిల్లలు. దోనె ఎక్కే ముందు గంగారత్నం దగ్గరికి వచ్చింది.

"వదినా, మా ఊళ్ళోవాళ్ళు నిన్ను అడగమన్నారు. మాకూ మందు తెచ్చిపెడతావా? డాక్టరుగారు మా లంకకి కూడా వత్తారా?"

"నేను తేవడం ఎందుకు? నువ్వే రా. శుక్రవారం పొద్దున పాసింజరుకి. ఎల్లారావు బాబాయికి నిన్ను చూపిత్తాను, పెట్టె ఎట్టా కట్టాలో నేర్పుతాడు. డాక్టరుగారితో నేను మాట్లాడతాను."

"పిల్లతోనా?"

"పిల్లని మా అత్త దగ్గర ఒదిలెయ్యి," అంది గంగారత్నం.

అరుగు మీద నుంచి పెద్దింట్లమ్మ అప్పటికే చేతులు చాచింది. సుబ్బరత్నం నవ్వి, దోనె ఎక్కబోయినదల్లా వెనక్కి వచ్చి, బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టి చూసింది. బిడ్డ ఏడవలేదు. కొల్లేరు నిండా నీళ్ళు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పక్షుల అరుపులు. దోనె నడిపేవాడు తొందర పెడుతున్నాడు.

"శుక్రవారం వత్తాను," అంది సుబ్బరత్నం.